బుల్లెట్ గొంతులో గాలి లెక్క

పాత బండిని బాగు చేయించడం ఒక ఎత్తు, దాన్ని రోజూ నడుపుకోవడం ఇంకో ఎత్తు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఈ మధ్య మన నిడమనూరు చుట్టుపక్కల పిల్లలకు తాతల నాటి బండ్ల మీద మనసు పడింది. పశువుల కొట్టంలోనో, వడ్ల బస్తాల వెనకో ఏళ్ల తరబడి పడి ఉన్న బుల్లెట్‌నో, జావానో, రాజ్‌దూత్‌నో బయటికి లాగుతున్నారు. హైదరాబాదు దాకా తిరిగి సామాన్లు తెస్తున్నారు. ట్యాంకుకు కొత్త రంగు, చక్రాలకు కొత్త స్పోకులు, సైలెన్సర్‌కు మెరుగు. ఇంటి ముందు నిలబెడితే వాడకట్టంతా వచ్చి చూసిపోతుంది. తీరా మిర్యాలగూడ రోడ్డెక్కితే మూడు కిలోమీటర్లకే మొరాయిస్తుంది.

అప్పుడు అందరి వేళ్లూ కార్బొరేటర్ దిక్కే చూపిస్తాయి. "పోయింది, కొత్తది వేసెయ్" అనేవాళ్లు కొందరు. "విప్పి కడిగితే అదే సక్కగైతది" అనేవాళ్లు కొందరు. రెండూ తొందరపాటే బిడ్డా. కార్బొరేటర్‌లో వైరు లేదు, మోటారు లేదు, చిప్పు లేదు. దాన్ని నడిపేది ఒక్క గాలి ఒత్తిడి. అందుకే దాని తప్పు ఎప్పుడూ ఒక పద్ధతిలోనే బయటపడుతుంది. బండి ఎప్పుడు ఆగుతోంది, ఎంత రేసు మీద ఆగుతోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది శ్రద్ధగా గమనిస్తే, పానా ముట్టుకోకముందే సగం జవాబు దొరుకుతుంది.

ఇరుకులో వేగం

ముందు లోపల జరిగే పని తెలియాలి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో ఏదైనా వంతెన మీద నిలబడి కిందికి చూడు. వంతెన దిమ్మెల మధ్య దారి ఇరుకైన చోట నీళ్లు పరుగెత్తుతాయి. ఇంకాస్త పరికించి చూస్తే ఆ పరుగెత్తే చోట నీటి మట్టం కొంచెం దిగి ఉంటుంది. వంతెన దాటాక నీళ్లు నెమ్మదిస్తాయి, మట్టం మళ్లీ లేస్తుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుందన్న ఈ సంగతిని డేనియల్ బెర్నౌలీ 1738లో తన 'హైడ్రోడైనమికా' గ్రంథంలో వివరించాడు. ఇరుకైన గొట్టాల్లో ప్రవాహం ఎలా ఉంటుందో ఇటలీ శాస్త్రవేత్త వెంచూరి 1797లో రాశాడు. కార్బొరేటర్ మధ్యలో సన్నబడే గొంతును ఇప్పటికీ వెంచూరి అనే పిలుస్తారు.

కాలువలో నీళ్లకు జరిగేదే ఇక్కడ గాలికి జరుగుతుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లాగుతుంది. ఆ గాలి కార్బొరేటర్ గొంతులో దూసుకుపోతుంది. గొంతులో ఒత్తిడి తగ్గుతుంది. కింద గిన్నెలో పెట్రోలు మీద మాత్రం మామూలు వాతావరణ ఒత్తిడే ఉంటుంది. పై నుంచి ఆ ఒత్తిడి నొక్కితే పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి చిమ్మి, గాలిలో తుంపరగా కలిసి ఇంజన్‌లోకి పోతుంది. ఇంజన్ పెట్రోలును పీల్చుకుంటుందని మనం అనుకుంటాం గానీ, నిజానికి దాన్ని పైకి నెట్టేది మన చుట్టూ ఉన్న గాలే. పెట్రోలును ఇట్లా జెట్టు ద్వారా చిమ్మించే కార్బొరేటర్లు 1893 ప్రాంతంలోనే వచ్చాయి. జర్మనీలో మేబాక్ ఒకటి చేస్తే, హంగరీలో బాంకి, చోంకా కలిసి ఒకటి చేశారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పాత బుల్లెట్ 350 ఇంజన్ అసలు కొలత 346 సీసీ. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, అది ఫోర్ స్ట్రోక్ కాబట్టి 1,500 సార్లు ఊపిరి తీసుకుంటుంది. ప్రతిసారీ సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి నిమిషానికి ఓ 400 లీటర్ల గాలి అనుకుందాం. మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లకు మొదట్లో అమాల్ కార్బొరేటర్లు ఉండేవి, తరవాతి కాలంలో మిక్‌కార్బ్ వీఎం 24 వచ్చింది. పేరులోని 24 దాని గొంతు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇంచుమించు ఐదు రూపాయల బిళ్లంత, అంతే. పైగా నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదాంట్లోనే గాలి లోపలికి పోతుంది. అంటే ఊపిరి తీసే ఆ కాస్త సేపూ ఆ రంధ్రంలో గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. బండి నలభై మీద నింపాదిగా పోతున్నా గొంతులో తుపాను వీస్తూనే ఉంటుంది. అంత వేగానికి గొంతులో ఒత్తిడి తగ్గేది రెండు శాతం మాత్రమే. ఆ రెండు శాతమే పెట్రోలును జానెడు ఎత్తు లేపగలదు. గిన్నెలోంచి గొంతులోకి పెట్రోలు ఎక్కాల్సిన ఎత్తు అంతకంటే చాలా తక్కువ.

ఎంత పెట్రోలుకు ఎంత గాలి? బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. అంటే ఒక్క లీటరు పెట్రోలు ఖర్చయ్యేసరికి బండి సుమారు 9,500 లీటర్ల గాలి మింగుతుంది. పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం చిక్కనైందంటాం, తక్కువైతే పలచబడిందంటాం. ప్లగ్గు విప్పి చూస్తే ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది. పొడి మసితో నల్లగా ఉంటే మిశ్రమం చిక్కన. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన. లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయినట్టు.

ముందు నిప్పు చూడు

మా మనవడు మొన్న ఫోన్ చేశాడు. "తాతా, బండి వేడెక్కినంక మిస్ కొడుతుంది. కార్బొరేటర్ విప్పమంటవా?"

"ఆగు బిడ్డా, పానా కింద పెట్టు. ముందు ప్లగ్గు తీసి నిప్పు చూడు."

పాత బండ్లలో నిప్పు పుట్టించడానికి కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. బుల్లెట్‌లో పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు కాలి గుంటలు పడ్డా, కండెన్సర్ పాతదై వేడికి చేతులెత్తేసినా, బండి అచ్చం పెట్రోలు అందనట్టే నడుస్తుంది. ఇగ్నిషన్ తప్పును కార్బొరేటర్ మీదికి నెట్టి, జెట్లు మార్చి, స్క్రూలు తిప్పి, చివరికి రెండూ పాడు చేసుకున్నవాళ్లు ఎందరో. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కి తప్పు చూపిస్తున్నప్పుడు ఇంకోసారి నిప్పు చూడాలి. ప్లగ్గును హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా, చురుగ్గా నిప్పు పడాలి. ఆ టైములో చుట్టుపక్కల పెట్రోలు ఆవిరి ఉండకుండా చూసుకో. నిప్పు బాగుందని తేలాకే కార్బొరేటర్ దగ్గరికి పోవాలి.

ఎప్పుడు ఆగుతోంది?

నిప్పు బాగుంటే వేయాల్సిన మొదటి ప్రశ్న ఇదే. జవాబును బట్టి దారి మారుతుంది.

బండి బాగానే లేచి, రెండు మూడు కిలోమీటర్లు పోయి, దాహం వేసినట్టు నెమ్మదించి ఆగిపోతోందనుకో. కాసేపు ఆగి కిక్కు కొడితే మళ్లీ లేస్తుంది. ఇక్కడ కార్బొరేటర్ తప్పేమీ లేకపోవచ్చు. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. కొత్తగా రంగు వేసినప్పుడో, పాలిష్ పట్టినప్పుడో అది మూసుకుపోతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి కదా. రాకపోతే లోపల ఒత్తిడి పడిపోయి పెట్రోలు కిందికి దిగదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పి చూడు. 'సుయ్' మని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ లేస్తే దొంగ దొరికినట్టే. ఇంటి దగ్గరైతే కార్బొరేటర్‌కు వచ్చే పైపును తీసి సీసాలో పెట్టి, పెట్రోలు కాక్ తిప్పు. ధార ఆగకుండా పడాలి. మూత వేసి ఉంచితే ధార సన్నబడుతోందంటే తప్పు మూతది. మూత తీసినా సన్నగానే వస్తుంటే కాక్‌లోని జాలీ చూడాలి. ఏళ్ల తరబడి ఎండిన ట్యాంకులో తుప్పు పొడి అక్కడే పేరుకుంటుంది. లోపల తుప్పు వదిలించకుండా బయట ఎంత రంగు వేసినా, ఆ పొడి రోజుకింత దిగుతూనే ఉంటుంది.

నిలబెట్టిన బండి కింద పెట్రోలు చుక్కలు పడుతున్నాయనుకో, అది ఓవర్‌ఫ్లో. గిన్నెలో ఫ్లోటు పైకి లేచినప్పుడు మొనదేలిన చిన్న నీడిలు వాల్వును మూయాలి. ఆ మొనకూ దాని సీటుకూ మధ్య చిటికెడు తుప్పు అడ్డం పడినా మూసుకోదు. పేచ్‌కస్ పిడితో గిన్నె పక్కన మెల్లగా తడితే ఒక్కోసారి నలక కదిలి సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే విప్పాల్సిందే. మొన అరిగి చుట్టూ గీత పడిందేమో గోరు ఆనించి చూడు. గోరుకు గాడి తగిలితే ఆ నీడిలు మార్చాలి.

పాత కార్బొరేటర్లలో కొన్నింటికి ఇత్తడి ఫ్లోటు ఉంటుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపు. లోపల పెట్రోలు చప్పుడు వినబడితే చిల్లి పడినట్టు. ఎక్కడ పడిందో తెలియాలంటే స్టవ్వుకు దూరంగా, ఆరుబయట, గిన్నెడు వేడినీళ్లలో దాన్ని ముంచి పట్టుకో. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, టంకం అతుకు దగ్గర సన్నని బుడగలు వరసగా పైకి వస్తాయి. చిల్లి అక్కడే. ఫ్లోటు బరువెక్కితే మునిగి ఉంటుంది, గిన్నెలో మట్టం పెరుగుతుంది, మిశ్రమం చిక్కనవుతుంది. లోపలి పెట్రోలు పూర్తిగా ఆరకుండా టంకం వేడి తగిలించావంటే పేలుతుంది, పైలం. టంకం ఎక్కువ పెట్టినా బరువు పెరిగి మట్టం మారిపోతుంది. కొత్త ఫ్లోటు దొరికితే అదే మేలు.

ఓవర్‌ఫ్లోలో బయటికి కనబడని ప్రమాదం ఇంకొకటుంది. కారిన పెట్రోలు సిలిండర్ గుండా దిగి ఇంజన్ ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ నీళ్లలా పలచబడుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చకుండా బండి తీయొద్దు. బండి నిలబెట్టిన ప్రతిసారీ పెట్రోలు కాక్ కట్టేయడం పాత బండి ఉన్నవాళ్లకు తప్పని అలవాటు కావాలి.

చోక్ వేస్తే నడుస్తుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది, స్లో నిలబడదు. ఇది ఎక్కువగా స్లోకు పెట్రోలు అందించే పైలట్ జెట్టు తప్పు. పెట్రోలు నెలల తరబడి గిన్నెలో నిలవుంటే తేలిక భాగం ఆవిరైపోతుంది. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంకలా మారుతుంది. అన్నింటికంటే సన్నని దారి పైలట్ జెట్టుదే, అందుకే ముందు మూసుకుపోయేదీ అదే. జెట్టు శుభ్రంగా ఉన్నా స్లో నిలవకపోతే ఇంజన్ పక్క దారిన గాలి పీలుస్తోందేమో చూడాలి. కార్బొరేటర్‌ను హెడ్డుకు బిగించే చోట బోల్టులు మరీ బిగిస్తే ఫ్లాంజ్ వంగి సందు పడుతుంది. స్లో మీద ఉంచి అతుకు చుట్టూ చిక్కని ఆయిల్ పూసి చూడు. ఇంజన్ చప్పుడు మారితే గాలి అక్కడి నుంచే పోతోంది. దీనికి పెట్రోలు మాత్రం చల్లొద్దు. వేడి ఇంజన్ మీద అది మంటతో చెలగాటం.

ఇక కొంత రేసు మీద వచ్చే తప్పులు. చాలా కార్బొరేటర్లలో రేసు పిడి తిప్పే మొదటి ఎనిమిదో వంతు వరకు పెత్తనం పైలట్ జెట్టుది. అక్కడి నుంచి పావు దాకా, పిడి తిప్పితే గొంతులో పైకి లేచే స్లైడ్ అడుగున కోసిన వాలుది. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే పొడుగు నీడిలుది. ముప్పావు దాటాక మెయిన్ జెట్టుది. పిడి మీద, దాని పక్కన తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు దగ్గర గీతలు పెట్టు. బండి ఎక్కడ తడబడుతోందో ఆ గీతతో సరిచూడు. సగం దగ్గర తడబడితే మెయిన్ జెట్టు మార్చి లాభం లేదు. నీడిలుకున్న చిన్న క్లిప్పును ఒక్క గాడి మార్చి చూడాలి. క్లిప్పును కిందికి దించితే నీడిలు పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది.

చివరిగా, ముప్పై నలభై ఏళ్లు తిరిగిన కార్బొరేటర్‌లో స్లైడ్ అరిగిపోయి ఉంటుంది. ఇంజన్ ఆపి, స్లైడ్‌ను వేలితో అటూ ఇటూ కదిపితే 'టక టక' మంటుంది. ఆ సందులోంచి గాలి పోతుంటే ఏ స్క్రూ తిప్పినా స్లో కుదరదు. అప్పుడు మాత్రం కొత్తది కొనమనే చెబుతాను.

ఎండ, దుమ్ము, కొత్త పెట్రోలు

ఒకసారి కుదిరిన ట్యూనింగ్ ఏడాదంతా అట్లే ఎందుకుండదంటే, మన గాలే మారిపోతుంది. చలికాలం పొద్దున 15 డిగ్రీలుండే చోట మే మధ్యాహ్నం 44 డిగ్రీలవుతుంది. అంత వేడికి గాలి వ్యాకోచించి తొమ్మిది శాతం పలచబడుతుంది. ఇంజన్ అదే ఘనపరిమాణం గాలి లాగినా అందులో బరువు తగ్గుతుంది. పెట్రోలు మాత్రం అంతగా తగ్గదు. లెక్క కడితే మిశ్రమం నాలుగైదు శాతం చిక్కనవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం బండి మొద్దుగా, బరువుగా లాగడంలో దీని పాలు కూడా ఉంది.

వేడి ఇంకో తిప్పలు కూడా పెడుతుంది. పెట్రోలులో తేలిక భాగాలు నలభై డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. ఎండలో వచ్చి బండి ఆపితే హెడ్డు వేడి కార్బొరేటర్‌లోకి ఎక్కి, గిన్నెలో పెట్రోలు మరిగి ఆవిరి గొంతు నిండా చేరుతుంది. టీ తాగి వచ్చి కిక్కు కొడితే లేవదు. హెడ్డుకూ కార్బొరేటర్‌కూ మధ్య వేడిని ఆపే మందపాటి దిమ్మ ఉండాలి. బాగు చేసేటప్పుడు దాన్ని పారేసి పలచని గ్యాస్కెట్ వేస్తే ఈ బాధ తప్పదు. బండి ఇట్లా వేడికి లేవనప్పుడు చోక్ ముట్టుకోవద్దు. రేసు పూర్తిగా తెరిచి మెల్లగా నాలుగు కిక్కులు కొడితే ఆవిరి బయటికిపోతుంది. ఆ తరవాత మామూలుగా కొట్టు.

కోతల కాలంలో మన దిక్కు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, హార్వెస్టర్ల దుమ్ము లేస్తుంది, మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఊక దుమ్ము ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి ప్లగ్గు నల్లబడుతుంది. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ వచ్చినట్టనిపిస్తుంది గానీ, సన్నని దుమ్ము లోపలికి పోయి సిలిండర్‌ను గీరేస్తుంది. జెట్లు ముట్టుకోకముందు ఫిల్టర్ శుభ్రం చెయ్యి.

ఇక పెట్రోలు. 2023 నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి, ఈ పెట్రోలుకు 14.7 బదులు సుమారు 13.5 పాళ్ల గాలే చాలు. పాత జెట్టు పాత పెట్రోలు లెక్కకు చేసింది. కొత్త పెట్రోలు పోస్తే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. నీడిలును ఒక గాడి లేపడం, జెట్టు ఒక సైజు పెంచడం అవసరమయ్యేది అందుకే. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బండ్లలో ఇంకా పైలంగా ఉండాలి. వాటికి ఆయిల్ పెట్రోలుతోనే అందుతుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి, వేడి పెరిగి, పిస్టన్ పట్టేస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పాత రబ్బరు పైపులను, వాషర్లను కూడా అది ఉబ్బిస్తుంది. కొత్త పెట్రోలుకు తట్టుకునే పైపు, వాషర్లు వేయించుకో.

చేతిలో ఉండాల్సిన ఓపిక

జెట్టులో నలక ఉందని ఇనుప తీగతో పొడవొద్దు. జెట్టు మెత్తని ఇత్తడిది. ఒక మిల్లీమీటరు రంధ్రం తీగ రాపిడికి 1.1 మిల్లీమీటర్లయిందనుకో. కంటికి తేడా తెలియదు. కానీ వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, పెట్రోలూ దాదాపు అంతే పెరుగుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టించు. వెలుతురుకు పట్టుకుని చూస్తే రంధ్రం గుండ్రంగా, తేటగా కనబడాలి.

స్క్రూలు తిప్పేముందు ఇప్పుడెక్కడ ఉన్నాయో రాసుకో. మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టు, బిగించొద్దు. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండేది సాధారణంగా గాలి స్క్రూ, లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది. ఇంజన్ వైపు ఉండేది పెట్రోలు స్క్రూ, దాన్ని బయటికి తిప్పితే చిక్కనవుతుంది. ఈ తేడా తెలియక తిప్పితే ప్రతి తిప్పూ ఎదురు తగులుతుంది. ట్యూనింగ్ ఎప్పుడూ ఇంజన్ బాగా వేడెక్కాకే చెయ్యాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్కసారికి ఒక్కటే మార్చడం. జెట్టు, క్లిప్పు, ప్లగ్గు మూడూ ఒకే రోజు మార్చి బండి బాగైందనుకో, ఏది బాగు చేసిందో నీకు తెలియదు. మళ్లీ పాడైతే మొదటికొస్తావు. ఒకటి మార్చు, ఒక చుట్టు తిరిగి రా, ప్లగ్గు చూడు, నోటుపుస్తకంలో రాయి. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నియమాలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటర్ దాదాపుగా కనుమరుగైంది. దాని పనిని సెన్సర్లు, కంప్యూటర్ చేస్తున్నాయి. పొగ తగ్గింది, మంచిదే. కానీ చేత్తో విప్పి, కంటితో చూసి, భౌతికశాస్త్రం నేర్చుకోగలిగిన యంత్రాలు మన ఇళ్లల్లో తగ్గిపోతున్నాయి. పాత బండి మీ ఇంట్లో ఉంటే తుక్కుకు వేయకండి. బడికి పోయే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం దాని గిన్నె విప్పి చూపించండి. బెర్నౌలీ సూత్రం పరీక్ష కోసం బట్టీ పట్టిన పిల్లకు అది పనిచేస్తుండగా కళ్లకు కనబడుతుంది. ఆరుబయట చెయ్యండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోండి, పని అయ్యాక పెట్రోలు కాక్ కట్టేయడం మరిచిపోకండి.